నాలుగెకరాల చెలకలో కాస్మిక్ కిరణాల రేడియో చప్పుడు పట్టొచ్చా?

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. దేవరకొండ దగ్గర బాయికాడ నాలుగెకరాల చెలక, అటక మీద రెండు పాత టీవీ యాంటెన్నాలు, చేతిలో ఒక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు గుచ్చే చిన్న రేడియో రిసీవర్), ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఆరు నెలల టైమ్. వీటితో హై ఎనర్జీ కాస్మిక్ కిరణాలను, అంటే అంతరిక్షం నుంచి వచ్చిపడే మహా శక్తి ఉన్న కణాలను, రేడియోలో పట్టొచ్చా అని అడిగావు. నీ ప్రశ్న కింద ఒకాయన "యూరప్ వాళ్లు వేల యాంటెన్నాలు పెట్టి చేసే పని, మనకెందుకు" అని రాశాడు.

పట్టొచ్చు. కానీ ఆ డాంగిల్‌తో కాదు, ఒట్టి యాంటెన్నాలతోనూ కాదు. ఇరవై ఏళ్లు రేడియో రిసీవర్ల మీద పనిచేశాను. అందులో ఆకాశాన్ని విన్న రోజులు తక్కువ, ఊళ్లో వైర్లు చేసే రొదను ఏరి పారేసిన రోజులే ఎక్కువ. నీ ప్రాజెక్టు నిలబడేదీ కూలేదీ అక్కడే.

ముందు ఏం పట్టాలో చూద్దాం. 10¹⁷ ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తికి వాడే కొలత) ప్రోటాన్ ఒకటి మన గాలిపొర పైభాగంలో ఏ నైట్రోజన్ కేంద్రకానికో గుద్దుకుంటుంది. దాంట్లోంచి పుట్టిన కణాలు మళ్లీ గుద్దుకుని ఇంకొన్నింటిని పుట్టిస్తాయి. కిందికొచ్చే కొద్దీ అది పెరిగి పెరిగి, ఒక దశలో ఆరేడు కోట్ల ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు (ప్లస్ ఛార్జి ఉన్న ఎలక్ట్రాన్లు) అవుతుంది. ఈ కణాల వాననే జల్లు అంటారు. ఇవన్నీ చెల్లాచెదురుగా రావు. కొద్ది మీటర్ల మందం ఉన్న పలచని రొట్టెలాగా, దాదాపు కాంతి వేగంతో దిగుతాయి. దారిలో భూ అయస్కాంతం ఎలక్ట్రాన్లను ఒక పక్కకు, పాజిట్రాన్లను ఇంకో పక్కకు లాగుతుంది. అంటే ఆకాశంలో అడ్డంగా ఒక కరెంటు పుట్టి, పెరిగి, చచ్చిపోతుంది. మారే కరెంటు ఏదైనా రేడియో తరంగాన్ని వదులుతుంది కదా, ఇదీ అంతే.

50 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 6 మీటర్లు. రొట్టె మందం దానికంటే తక్కువ కాబట్టి అన్ని కణాల తరంగాలూ ఒకే అడుగు మీద కలుస్తాయి. బతుకమ్మ ఆడేటప్పుడు వందమంది చప్పట్లు ఒక్కసారి పడితే ఊరవతల వినపడుతుంది, అదే వందమంది ఎవరికి తోచినట్టు వాళ్లు కొడితే గోల తప్ప ఏమీ ఉండదు. ఒక్కసారి పడటం వల్లే ఈ సిగ్నల్ బలం కణం శక్తికి సమపాళ్లలో పెరుగుతుంది, అందుకే రేడియోతో శక్తిని అంత బాగా కొలవగలరు. నేలకు చేరేసరికి అది కొన్ని పదుల నానోసెకన్ల (సెకనులో వంద కోట్లో వంతు ఒక నానోసెకన్) పల్స్, అంటే ఒక్కసారి లేచి పడిపోయే సిగ్నల్. నిట్టనిలువుగా దిగిన జల్లు అయితే వంద, నూట యాభై మీటర్ల వ్యాసార్థంలో వినిపిస్తుంది. నాలుగెకరాలంటే 16 వేల చదరపు మీటర్లు, ఒక పక్క దాదాపు 127 మీటర్లు. నీ చెలక ఒక జల్లు కింద సరిగ్గా ఇముడుతుంది.

కింద రాసినాయనకు జవాబు ఇక్కడుంది. ఆ సిగ్నల్‌లో ప్రధాన భాగం అయస్కాంతం చలవ కాబట్టి, జల్లు దిగే దిశకూ అయస్కాంత రేఖలకూ మధ్య కోణం ఎంత పెద్దదైతే అంత మంచిది. ఆయన చెప్పిన వేల యాంటెన్నాల రేడియో టెలిస్కోపు, లోఫార్, ఉన్న నెదర్లాండ్స్‌లో అయస్కాంత రేఖలు దాదాపు 68 డిగ్రీల వాలుతో నేలలోకి దిగుతాయి. నెత్తి మీంచి వచ్చే జల్లు ఇంచుమించు రేఖల వెంబడే వస్తుంది, సిగ్నల్ సన్నబడుతుంది. మన దగ్గర వాలు 20 డిగ్రీల పైచిలుకే. రేఖలు దాదాపు పడుకుని ఉంటాయి, నిలువు జల్లు వాటిని అడ్డంగా కోసుకుంటూ దిగుతుంది. క్షేత్రం బలం మన దగ్గర కొంచెం తక్కువే అయినా, ఆ కోణం సైన్ విలువ వేసి లెక్క కడితే నిలువు జల్లుకు మనకు వాళ్లకంటే రెట్టింపు సిగ్నల్ వస్తుంది. ఈ లెక్క నువ్వే కట్టి రిపోర్టులో పెట్టు, గైడుకు నచ్చుతుంది. చౌటుప్పల్‌లో ఎన్‌జీఆర్‌ఐ వాళ్ల అయస్కాంత పరిశీలన కేంద్రం ఉంది, కాబట్టి మన జిల్లా అయస్కాంత విలువల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకో. దక్షిణాన దిగువ ఆకాశం నుంచి వాలుగా వచ్చే జల్లులు మన రేఖల వెంబడే వస్తాయి, అవి నీకు వినపడవు.

అసలు ఈ శాస్త్రం మనకు కొత్తదేం కాదు. కోలార్ బంగారు గనుల అడుగున 1965లోనే మనవాళ్లు వాతావరణ న్యూట్రినోలను, అంటే కాస్మిక్ కిరణాలు గాలిని గుద్దినప్పుడు పుట్టే ఒక రకం కణాలను, పట్టారు. ఊటీలో కాస్మిక్ జల్లులను పట్టే కేంద్రం గ్రేప్స్-3 ఇప్పటికీ నడుస్తోంది. హైదరాబాద్‌లో టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ) వాళ్లు ఎగరేసే బెలూన్ల పెట్టెలు మన జిల్లాల చేన్లలోనే దిగుతుంటాయి, ముట్టుకోవద్దని ముందే పేపర్లో ప్రకటన కూడా వేస్తారు.

ఇక నీ డాంగిల్. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ ఒకసారికి చూసేది 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పే. అంత సన్నని కిటికీలోంచి చూస్తే పదుల నానోసెకన్ల పల్స్ నాలుగు వందల నానోసెకన్లకు సాగి, చదునై, రొదలో కలిసిపోతుంది. కనీసం 30 మెగాహెర్ట్జ్ వెడల్పు ఉండాలి, సెకనుకు 10 కోట్లకు పైగా శాంపిళ్లు తీయాలి. అందుకు సిగ్నల్‌ను గీతగా చూపించే నాలుగు ఛానెళ్ల డిజిటల్ ఆసిలోస్కోప్ చాలు, మీ డిపార్ట్‌మెంట్‌లో ఉండే ఉంటుంది. సెకనుకు 100 కోట్ల శాంపిళ్లు తీసే మామూలు స్కోప్ ఈ పనికి ఎక్కువే. డాంగిల్‌ను పారేయకు, దానికి వేరే పని ఉంది, కింద చెప్తాను.

స్కోప్ దేన్ని చూసి ట్రిగ్గర్ కావాలి, అంటే రికార్డు మొదలుపెట్టాలి? యాంటెన్నాకే ట్రిగ్గర్ పెడితే గంటకు వేలసార్లు కొట్టుకుంటుంది, అందులో ఒక్కటి కూడా ఆకాశానిది కాకపోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే ఇంగ్లండ్ శాస్త్రవేత్త బెర్నార్డ్ లోవెల్ సైన్యం వాడి వదిలేసిన రాడార్ తెచ్చుకుని, కాస్మిక్ జల్లుల నుంచి ప్రతిధ్వని వస్తుందేమో చూద్దామని మాంచెస్టర్‌లో మొదలుపెట్టాడు. ఊళ్లో ఎలక్ట్రిక్ ట్రాముల రొదకు ఏమీ వినపడలేదు. యూనివర్సిటీ బాటనీ వాళ్ల పొలం ఒకటి ఊరవతల ఉందంటే 1945 డిసెంబర్‌లో సామాను సర్దుకుని అక్కడికి పోయాడు. ఆ పొలమే జోడ్రెల్ బ్యాంక్. ఆయనకు దొరికిన ప్రతిధ్వనులు ఉల్కలవి, అది వేరే సంగతి. అదే చోట 1965లో జెల్లీ అనే శాస్త్రవేత్త బృందం 44 మెగాహెర్ట్జ్ దగ్గర జల్లుల రేడియో పల్స్‌ను మొదటిసారి పట్టింది. ఎట్లా? పక్కన గైగర్ కౌంటర్లు (కణం తగిలితే మోగే పరికరాలు) పెట్టి, అవి కలిసి మోగినప్పుడే రేడియోను చూసింది. 2000 తర్వాత జర్మనీలో లోపెస్ అనే ప్రయోగం చేసిందీ, తర్వాత లోఫార్ చేసిందీ అదే ఉపాయం. కణాల పెట్టెలు పిలిస్తేనే రేడియో కళ్లు తెరవాలి. రేడియోకు రేడియోనే ట్రిగ్గర్ పెట్టి గెలిచినవాళ్లూ ఉన్నారు గానీ, ఆరు నెలల్లో నువ్వు దాని జోలికి పోవద్దు.

కణాల పెట్టె అనగానే ఖరీదైన సింటిలేటర్ (కణం తగిలితే మెరిసే పదార్థం) వెతుక్కోకు. అర్జెంటీనాలో పియరీ ఓజే అబ్జర్వేటరీ 3,000 చదరపు కిలోమీటర్లలో పరిచింది నీళ్ల ట్యాంకులను, ఒక్కోదాంట్లో 12 వేల లీటర్లు. జల్లులోంచి నేలదాకా వచ్చే ముయాన్ అనే కణం, నీళ్లలో కాంతి పోయేదానికంటే వేగంగా పోతే నీలి వెలుగు వస్తుంది, పైనున్న ఫోటోమల్టిప్లయర్ (సన్నని వెలుగును కూడా కరెంటుగా మార్చే ట్యూబు) దాన్ని చూస్తుంది. మన ఇళ్ల మీదుండే నల్ల సింటెక్స్ ట్యాంకు, వెయ్యి లీటర్లది, ఈ పనికి బంగారం. లోపల మెరుపు లేని తెల్లని షీటు అతికించి, మూతకు ఫోటోమల్టిప్లయర్ కింది వైపు చూసేటట్టు బిగించి, సూదిమొనంత సందు కూడా లేకుండా నల్ల టేపు చుట్టాలి. ట్యూబుకు పదిహేను వందల వోల్టుల దాకా ఇస్తావు, తడి చేత్తో దగ్గరికి పోవద్దు. నీళ్ల విషయంలో మన నల్గొండ బోరు సంగతి తెలిసిందే. ఫ్లోరైడ్ వెలుగును ఆపదు గానీ, సున్నం పేరుకుంటుంది, మట్టి దిగుతుంది, నెలకల్లా పాచి పడుతుంది. డిస్టిల్డ్ వాటర్ దొరక్కపోతే ఆర్వో ప్లాంటు నీళ్లు పోయి.

అలాంటివి మూడు కావాలి. రెండు ఎందుకు చాలవో లెక్క చూడు. నేల మీద ప్రతి చదరపు సెంటీమీటరు మీద నిమిషానికి సుమారు ఒక ముయాన్ పడుతుంది. ఒక చదరపు మీటరు ట్యాంకుకు సెకనుకు 167. రెండు ట్యాంకులు ఒక మైక్రోసెకన్ లోపు యాదృచ్ఛికంగా కలిసి మోగడం గంటకు రెండు వందల సార్లు జరుగుతుంది. అదే మూడు ట్యాంకులైతే రోజుకు ఒక్కసారి. ఒక్కో ట్యాంకులో కనీసం మూడు నాలుగు కణాలు పడితేనే లెక్కలోకి తీసుకుంటే ఆ ఒక్కటీ పోతుంది. మూడు ట్యాంకులను నలభై, యాభై మీటర్ల త్రిభుజంలో పెట్టు. మూడింటి సిగ్నళ్లను ఒక చిన్న యాండ్ గేట్ ఐసీకి (మూడూ కలిసి వస్తేనే ఔట్‌పుట్ ఇచ్చే చిప్) ఇచ్చి, దాని ఔట్‌పుట్‌ను స్కోప్ ఎక్స్‌టర్నల్ ట్రిగ్గర్‌కు కలుపు. నాలుగు ఛానెళ్లూ యాంటెన్నాలకు మిగులుతాయి.

యాంటెన్నాలు ఇందులో అన్నిటికంటే తేలిక. అటక మీదున్నవి దించకు. అవి ఒక దిక్కును, అదీ నేలబారుగా చూడటానికి చేసినవి, మనకు నెత్తి మీది ఆకాశమంతా కావాలి. రాగి తీగతో ఒక్కో చెయ్యి మీటరున్నర ఉండేటట్టు డైపోల్ (రెండు చేతుల యాంటెన్నా) చేసి, వెదురు బొంగు మీద నుంచి గుడిసె కప్పులాగా రెండు పక్కలకు వాల్చి కట్టు. ఇనుప పైపు వద్దు. నిలువు జల్లు సిగ్నల్ తూర్పు-పడమర దిశలో ఊగుతుంది కాబట్టి మూడు డైపోల్స్ చేతులు తూర్పు-పడమరకు పెట్టు, నాలుగోది మాత్రం ఉత్తర-దక్షిణానికి. అది సాక్షి. నిజమైన జల్లయితే తూర్పు-పడమర వాటిలో గట్టిగా, సాక్షిలో సన్నగా రావాలి. అన్నిట్లో ఒకే తీరుగా వచ్చిందంటే నాకు అనుమానమే. వైరు కేబుల్ టీవీ వాళ్లు వాడే ఆర్‌జీ-6 చాలు. కానీ నాలుగూ ఒకే పొడవు కొయ్యి, మీటరు తేడా వస్తే నాలుగు నానోసెకన్ల తేడా వస్తుంది. యాంప్లిఫయర్ ముందే ఫిల్టర్ పెట్టి 80 మెగాహెర్ట్జ్ పైన కత్తిరించకపోతే ఎఫ్ఎం స్టేషన్లు రిసీవర్‌ను ముంచేస్తాయి.

ఇప్పుడు అసలు కష్టం. కొన్నేళ్ల కింద అచ్చంపేట వైపు ఒక ఊళ్లో నేనూ ఇంకొకతనూ రెండు యాంటెన్నాలు పెట్టి వారం రోజులు చూశాం. పొద్దుగూకాక మొదలయ్యేది, చక్కని సన్నని పల్స్‌లు, పదుల నానోసెకన్లే, చూస్తే అచ్చం పుస్తకంలో బొమ్మ. తెల్లారితే బంద్. మావాడు సంబరపడ్డాడు. నేను రెండు పల్స్‌ల మధ్య సమయం చూశాను: సెకనుకు కొంచెం పైన, ప్రతిసారీ అంతే. ఆకాశానికి గడియారం ఉండదు. రాత్రి పదింటికి చిన్న ట్రాన్సిస్టర్ పట్టుకుని, మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టి, టక్... టక్... అనే చప్పుడు ఎటు పెరిగితే అటు నడిచాం. కిలోమీటరు పోయాక పల్లీ చేను, చుట్టూ అడవి పందుల కోసం ఝట్కా మిషన్ తీగ. ఒకచోట గడ్డి పరక ఎదిగి తీగకు తాకుతోంది, తాకిన చోట చిన్న నిప్పు రవ్వ. మంచె మీంచి పెద్దాయన టార్చి వేసి, "ఎవల్రా అది? పందుల కోసం పెట్టిన, మీ రేడియోకేం కష్టమొచ్చె?" అన్నాడు. విషయం చెప్తే ఆయనే స్విచ్ ఆపి, కొడవలితో పరక కోసి, మళ్లీ వేశాడు. ట్రాన్సిస్టర్‌లో చప్పుడు పోయింది. మా వారం రోజుల డేటా కూడా దాంతోపాటే పోయింది.

నీ దగ్గర ఏముంటాయో నేను చూడకుండా చెప్తాను: బోరు మోటార్ల స్టార్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్ మీద వదులైన జంపర్, మంచు పడ్డ రాత్రి బుసకొట్టే ఇన్సులేటర్లు, ఎల్‌ఈడీ బల్బుల చోకులు, సోలార్ ఇన్వర్టర్. కరెంటు పోయి వచ్చిన నిమిషంలో ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి, ఆ నిమిషం డేటా చెత్తబుట్టకే. నీ స్కోప్‌ను కూడా బ్యాటరీ మీద నడుపు. నాగార్జునసాగర్ వైపు హైటెన్షన్ లైన్ల కింద స్థలం ఎవరైనా ఊకెనే ఇస్తామన్నా తీసుకోకు. అమ్రాబాద్ అడవి రేడియోకు ప్రశాంతంగానే ఉంటుంది గానీ అది పులుల అభయారణ్యం, పర్మిషన్ కోసం తిరగడంతోనే నీ ఆరు నెలలు గడుస్తాయి.

స్థలం పనికొస్తుందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది, దానికే నీ డాంగిల్. ఈ పౌనఃపున్యాల్లో ఆకాశంలో గట్టిగా మోగేది మన పాలపుంతే. 40, 50 మెగాహెర్ట్జ్ మధ్య ఎవరూ మాట్లాడని చోటు చూసుకుని, రొద మట్టాన్ని నిమిషానికోసారి రాసుకుంటూ పో. పాలపుంత నడిబొడ్డు దక్షిణాన ఎత్తుకొచ్చినప్పుడు మట్టం లేవాలి, దిగినప్పుడు దిగాలి. నక్షత్రాల రోజు 23 గంటల 56 నిమిషాలు కాబట్టి ఆ శిఖరం రోజుకు 4 నిమిషాలు ముందుకు జరుగుతుంది, నెలకు 2 గంటలు. జరిగిందా, నువ్వు వింటున్నది ఆకాశాన్నే. శిఖరం రోజూ పొద్దున ఆరింటికే వస్తోందా, అది మీ ఊరి మోటార్లు ఆన్ చేసే టైమ్.

అన్నీ కుదిరాక ఎన్ని దొరుకుతాయి? 10¹⁷ పైన శక్తి ఉన్నవి చదరపు కిలోమీటరుకు రోజుకు ఇరవై, ముప్పై పడతాయనుకో. నీ యాంటెన్నాలు వినగలిగే మేర అందులో ముప్పయ్యో వంతు. అంటే రోజుకు దాదాపు ఒకటి, కానీ ఊరి రొదలోంచి తేలేవి వాటిలో కొన్నే. ట్యాంకులు మాత్రం రోజుకు చాలాసార్లు ట్రిగ్గర్ అవుతాయి, ఎక్కువభాగం చిన్న జల్లులు, వాటిలో రేడియో ఏమీ ఉండదు. నిరుత్సాహపడకు, అది తప్పు కాదు. 1991లో అమెరికా యూటాలో కనపడ్డ 3.2 × 10²⁰ ఎలక్ట్రాన్ వోల్టుల కణం లాంటిదాని కోసం కాచుకుంటే మనవళ్లు రావాలి.

దొరికినదాన్ని ఒకటికి మూడుసార్లు అనుమానించు. కాంతి 100 మీటర్లు పోవడానికి 333 నానోసెకన్లు పడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చిన పల్స్ నేల వెంబడి వస్తుంది కాబట్టి, ఆ వరుసలో 100 మీటర్ల దూరంలో ఉన్న రెండు యాంటెన్నాల మధ్య పూర్తి 333 తేడా చూపిస్తుంది. నెత్తి మీంచి వచ్చింది అన్నిట్లో దాదాపు ఒకేసారి పడుతుంది. ట్యాంకుల సమయాల నుంచి ఒక దిశ లెక్కకట్టు, యాంటెన్నాల నుంచి విడిగా ఇంకో దిశ కట్టు. రెండూ కొద్ది డిగ్రీల తేడాలో కలిస్తే, సాక్షి డైపోల్ ఒప్పుకుంటే, అప్పుడు వెంటనే నాకు రాయి. ఆరు నెలల్లో అలాంటివి అయిదు తెస్తే అది మంచి ప్రాజెక్టు. ఒక్కటీ రాకపోయినా రొద ఎక్కడెక్కడిదో మ్యాపు గీసి, పాలపుంత కదలిక చూపించి, ట్యాంకుల జల్లుల లెక్క పెడితే నేనైతే పాస్ చేస్తాను.

ఎండాకాలం గాలివానల్లో యాంటెన్నా వైర్లు స్కోప్ నుంచి పీకి బయట పడేయ్, చెలకలో నిలబడకు. మన రాతి నేలలో ఎర్తింగ్ అంత సులువుగా దొరకదు. గుంత లోతుగా తవ్వించి, బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో నీళ్లు పోస్తూ ఉండాలి. ఉరుముల మబ్బు ఉన్నప్పుడు వచ్చిన కణాల జల్లులను శక్తి లెక్కల్లోంచి తీసేయ్, ఆ మబ్బులోని విద్యుత్ క్షేత్రం రేడియో పల్స్ ఆకారాన్నే మార్చేస్తుంది. లోఫార్ వాళ్లు దాన్నే తిరగేసి మబ్బు లోపలి క్షేత్రాన్ని కొలిచారు. ఊటీలో 2014 డిసెంబర్ 1న వచ్చిన ఉరుముల మబ్బులో 130 కోట్ల వోల్టులు ఉన్నాయని ముయాన్ల లెక్క తగ్గడాన్ని బట్టి తేల్చారు. అది నీ తర్వాతి ప్రాజెక్టు.

ఈ వారం ట్యాంకులు కొనకు. డాంగిల్, ల్యాప్‌టాప్, ఒక డైపోల్ తీసుకుని బాయికాడ రెండు రాత్రులు పడుకో. ఒకటి కరెంటు ఉన్న రాత్రి, ఇంకొకటి లైన్‌మన్‌ను అడిగి మీ ట్రాన్స్‌ఫార్మర్ గంటసేపు ఆపించిన రాత్రి. రెండు ఫైళ్లూ ఇక్కడ పెట్టు. చెలకకు ట్రాన్స్‌ఫార్మర్ ఏ దిక్కున, ఎన్ని మీటర్ల దూరంలో ఉందో, చుట్టుపక్కల ఎవరికైనా ఝట్కా మిషన్ ఉందో అది కూడా రాయి. చూసి చెప్తాను.